డెత్ డౌలా నిజంగా ఏం చేస్తుంది? నర్సు వస్తుంటే మళ్ళీ ఆవిడెందుకు?

మీ నాన్నగారికి ట్రీట్‌మెంట్ ఆపేసి ఇంట్లోనే నొప్పి లేకుండా చూసుకోమన్నారు, హాస్పిస్ (ఇంక నయం కానివాళ్ళని బాధ లేకుండా చూసుకునే సేవ) నర్సు వారంలో రెండుసార్లు వచ్చి వెళ్తోంది, మళ్ళీ ఈ డెత్ డౌలా (పోయే మనిషికీ ఇంట్లోవాళ్ళకీ చివరి రోజుల్లో తోడుండే మనిషి) ఎందుకు, డబ్బు దండగ కాదా అని అడిగారు కదా. సరిగ్గా అదే పరిస్థితిలో మా అక్క పోయింది, ఓవరీ కాన్సర్, చివర్లో ఒక డౌలా ఇంటికొచ్చేది, కాబట్టి చూసింది చూసినట్టు రాస్తాను. పొడుగైపోతుందేమో, ఓపిగ్గా చదవండి.

ముందు ఆవిడ చెయ్యనివి చెప్తా, అందరూ కన్ఫ్యూజ్ అయ్యేది అక్కడే. డౌలా మందులివ్వదు, ఇంజెక్షన్ చెయ్యదు, డోసు పెంచండి తగ్గించండి అనదు. నర్సుకి బదులు కాదు, డాక్టర్ మీద సెకండ్ ఒపీనియన్ అసలే కాదు. మామూలుగా దీనికి లైసెన్స్ అంటూ ఏమీ ఉండదు, ఎవరైనా నేను డౌలానని చెప్పేసుకోవచ్చు, అందుకే మనిషిని చూసి పెట్టుకోవాలి, ఆ సంగతి కింద రాస్తాను.

మరి చేసేదేంటి అంటే, నా లెక్కలో అసలు పని ఒక్కటే: రాబోయేది రాకముందే ఇంట్లోవాళ్ళకి చెప్పి పెట్టడం. మిగతావన్నీ దాని చుట్టూ తిరిగేవే. నర్సుకి ఇవి తెలీక కాదు, ఆమెకి ఆ రోజు ఇంకా ఇళ్ళు తిరగాల్సినవి ఉంటాయి, నొప్పి ఎంతుంది, మోషన్ అయిందా, బెడ్‌సోర్ ఏమన్నా మొదలైందా చూసుకుని వెళ్ళిపోవాలి. డౌలా కుర్చీ లాక్కుని కూర్చుంటుంది, గంటలు గంటలు, అవసరమైతే ఏమీ మాట్లాడకుండా.

ఇదేదో కొత్త ఫ్యాషన్ అనుకుంటారేమో, ఆలోచన పాతదే. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టోఫర్స్ హాస్పిస్ మొదలుపెట్టిన సిసిలీ సాండర్స్, చివరి రోజుల్లో నొప్పి ఒంటిది ఒక్కటే కాదు, మనసుదీ మనుషులదీ నమ్మకాలదీ అన్నీ కలిసే ఉంటాయని చెప్పేవారు. తర్వాత 2003లో న్యూయార్క్‌లో హెన్రీ ఫెర్స్కో-వైస్ అని హాస్పిస్‌లో పనిచేసే సోషల్ వర్కర్, కాన్పు టైంలో తల్లి పక్కనుండే బర్త్ డౌలాలని చూసి, పోయేవాళ్ళ పక్కన కూడా ఇలా ఒకరుండాలి కదా అని వాలంటీర్లకి ట్రైనింగ్ ఇవ్వడం మొదలుపెట్టారు. 2017లో వెర్మాంట్ యూనివర్సిటీ కూడా దీనికో కోర్సు పెట్టింది. ఇప్పుడు కొన్ని హాస్పిస్‌లలో వాలంటీర్లుగా ఉంటారు, సొంతంగా ఫీజు తీసుకుని చేసేవాళ్ళూ ఉన్నారు.

సరే, మా ఇంటికొస్తాను. మొదటి రోజు గుమ్మంలోనే మా బావ ఆవిడని ఆపి "తనకేమీ చెప్పొద్దు మేడమ్, తట్టుకోలేదు" అన్నాడు. ఆవిడ వాదించలేదు, లెక్చర్ ఇవ్వలేదు, "నా అంతట నేనేమీ చెప్పనండీ, కానీ తను అడిగితే మాత్రం అబద్ధం చెప్పను, దీనికి మీకు ఓకేనా" అంది. బావ ఒప్పుకున్నట్టు తలూపాడు. లోపలికెళ్ళి అక్కని అడిగిందల్లా "మీ ఒంట్లో ఏం జరుగుతోందని మీకనిపిస్తోంది?" అని, అంతే. అక్క నవ్వింది. "మా ఆయన నాకు తెలీదనుకుంటున్నాడు, పాపం అలాగే అనుకోనివ్వండి" అంది. అంటే ఇద్దరూ ఒకరికోసం ఒకరు నెలల తరబడి నటిస్తున్నారన్నమాట. ఆవిడ ఆ మాట పట్టుకెళ్ళి బావకి మోయలేదు, ఆయనతో ఈ మాట మీరే అంటారా అని అక్కనే అడిగింది, రెండు మూడు విజిట్ల తర్వాత అక్కే అనేసింది. ఆ రాత్రి గది తలుపేసుకుని ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు, కానీ మర్నాటి నుంచి ఇంట్లో గుసగుసలు పోయాయి, బ్యాంకు కాయితాలు, ఇన్సూరెన్స్, ఇంకోసారి హాస్పిటల్‌కి తీసుకెళ్ళాలా వద్దా, వెంటిలేటర్ సంగతేంటి, అన్నీ అక్క ముందే మాట్లాడుకోగలిగాం. తనకి ఏం వద్దో డాక్టర్‌తో మాట్లాడి రాతపూర్వకంగా పెట్టింది కూడా అప్పుడే.

తర్వాత ఆ చివరి గంటలు ఎలా ఉండాలో అక్కని అడిగి ఒక కాయితం మీద రాయించింది, విజిల్ (vigil, అంటే చివర్లో పక్కనే మేలుకుని ఉండడం) ప్లాన్ అంటారు దాన్ని. అక్క లెక్కల టీచర్, నంబర్లేసి మరీ రాసింది. ట్యూబ్‌లైట్ వద్దు చిన్న లైటే వెయ్యండి, కిటికీ తెరిచి ఉంచండి, నా పాదాలు ఎవరూ పిసక్కండి నాకు చిరాకు, ఏడ్చేవాళ్ళు ఇక్కడే ఏడవండి, ఫోన్ మాట్లాడేవాళ్ళు మాత్రం బయటికి పొండి. ఆ కాయితం గది తలుపుకి అతికించాం. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది గానీ, వచ్చిన చుట్టాలందరూ తలా ఒక సలహా ఇస్తుంటే మేమెవరితోనూ పోట్లాడక్కర్లేకుండా పోయింది, వేలు పెట్టి తలుపు చూపిస్తే చాలు.

గుర్తుగా ఏదో ఒకటి మిగల్చడంలో కూడా డౌలాలు సాయం చేస్తారు, లెగసీ వర్క్ అంటారు, కొందరు ఉత్తరాలు రాస్తారు, ఆల్బమ్ చేస్తారు. మా అక్క ఫోన్లో వాయిస్ రికార్డింగులు పెట్టింది మా మేనకోడలి కోసం. పెద్ద పెద్ద జీవితసత్యాలేమీ కాదు, మీ నాన్నకి కోపమొస్తే గంటసేపు పలకరించకు, పాస్‌వర్డ్‌లు ఎక్కడున్నాయి, ఎవరు మనకి ఎంత బాకీ, ఇలాంటివి. అక్క అలిసిపోతే ఆవిడ రికార్డింగ్ ఆపేసి వెళ్ళిపోయేది, పూర్తి చెయ్యాలని పట్టుబట్టలేదు.

ఇక నాకు అన్నిటికంటే పనికొచ్చింది, ఒక సాయంత్రం మమ్మల్ని హాల్లో కూర్చోబెట్టి వరసగా చెప్పిన విషయాలు. ఆకలి పోతుంది, తినకపోవడం వల్ల ప్రాణం పోవట్లేదు, ఒళ్ళు ఒక్కోటీ ఆపుకుంటూ వస్తోంది కాబట్టి తిండి అక్కర్లేదంటోంది, బలవంతంగా పెడితే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది, తడి స్పాంజితో పెదాలూ నోరూ తడుపుతూ ఉండండి చాలు అంది. నిద్ర ఎక్కువవుతుంది. ఎప్పుడో పోయినవాళ్ళు కనిపిస్తున్నారని, వాళ్ళతో మాట్లాడుతున్నట్టు అనొచ్చు, భయపడకపోతే సరిదిద్దకండి, ఎవరొచ్చారు అని అడగండి. దుప్పటి లాగెయ్యడం, లేచిపోవాలని చూడడం, బాగా కంగారు ఉంటే మాత్రం నర్సుకి ఫోన్ చెయ్యండి, దానికి మందుంటుంది. ఒక్కోసారి ఉన్నట్టుండి లేచి కూర్చుని చక్కగా మాట్లాడతారు, నయమైపోతోందని అనుకోకండి, ఆ టైం వాడుకోండి.

ఊపిరి గురించి చెప్పినప్పుడు ఆవిడ తన ఊపిరితోనే చేసి చూపించింది. వేగంగా లోతుగా కొన్ని, తర్వాత చిన్నగా చిన్నగా, ఆపైన పూర్తిగా ఆగి, మళ్ళీ మొదలు. చెయిన్-స్టోక్స్ బ్రీతింగ్ అంటారట డాక్టర్లు. ఆ ఆగిన టైంలో హాల్లో మేమందరం మా ఊపిరి బిగబట్టేశాం, నిజంగా. గొంతులో గురగుర కూడా వస్తుంది, మింగలేక ఉమ్మి అక్కడే నిలవడం వల్ల, మనకి భయంకరంగా ఉంటుంది కానీ స్పృహలేని మనిషికి దానివల్ల బాధ ఉండదనే డాక్టర్లంటారు, పక్కకి తిప్పి పడుకోబెట్టండి, ఎక్కువైతే నర్సుని అడగండి అంది. మోకాళ్ళ దగ్గర, పాదాల మీద చర్మం ఊదారంగు మచ్చలుగా మారితే ఇంక ఎక్కువ టైం లేదని అర్థం. పలకకపోయినా వినిపించొచ్చు, మాట్లాడుతూ ఉండండి అంది. ఇది ఊరికే ఓదార్పుకి అనే మాట అనుకున్నా గానీ, 2020లో బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ వాళ్ళు హాస్పిస్ పేషెంట్లకి ఈఈజీ (మెదడులో కదలికలు చూపించే పరీక్ష) పెట్టి చూస్తే, స్పృహలేని కొందరి మెదడు కూడా శబ్దాలకి స్పందించిందని తేలింది. అర్థమవుతుందా లేదా అన్నది వేరే సంగతి.

ఇప్పుడు మీరు అడగని విషయం ఒకటి. అక్క పోయిన రాత్రి డౌలా లేదు. అప్పటికే వరసగా మాతో ఉండి ఇంటికెళ్ళి పడుకుంది. ఊపిరి ఆగీ ఆగీ వస్తుంటే ఎవరూ అంబులెన్స్ అనలేదు, ఛాతీ మీద ఎవరూ నొక్కలేదు, నర్సుకి ఫోన్ చేశాం, బావ చెయ్యి పట్టుకున్నాడు, మా పెద్దమ్మ పాదాల దగ్గరికి వెళ్తుంటే మేనకోడలు తలుపు మీద కాయితం చూపించింది. ఆవిడ పక్కన లేకపోయినా ఆవిడ పని జరిగిపోయింది. కాబట్టి చివరి క్షణానికి పక్కనే ఉంటానని గ్యారంటీ ఇచ్చే డౌలా దొరికితే కాస్త అనుమానించండి, ఆ టైం ఎవరి చేతిలోనూ ఉండదు.

పోయిన కొన్ని వారాలకి మళ్ళీ వచ్చింది, వాళ్ళ పద్ధతిలో అదీ ఉంటుంది, జరిగిందంతా మొదట్నుంచి ఇంట్లోవాళ్ళతో చెప్పించుకోవడం. అప్పుడు బావ, అందాకా ఎవరికీ చెప్పని మాట ఒకటి బయటపెట్టాడు, "ఆఖరి మార్ఫిన్ నేనే వేశాను, దానివల్లే పోయిందా?" అని, నొప్పికి ఇచ్చే మందు అది. ఆవిడ ఛ అదేం లేదు అని కొట్టిపారెయ్యలేదు, ఇది నేను చెప్పాల్సింది కాదు అని అప్పటికప్పుడు నర్సుకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. నర్సు చార్ట్ చూసి, ముందు రోజుల్లో ఇచ్చిన డోసే అదీ, ఊపిరి మారడం అంతకు ముందు నుంచే ఉంది, అది జబ్బు వల్ల, డాక్టర్ రాసినట్టు వేసిన మార్ఫిన్ వల్ల కాదు అని మెల్లగా వివరించింది. మా బావ అంతసేపు కదలకుండా వినడం నేనెప్పుడూ చూళ్ళేదు. నా మటుకు ఆ ఒక్క ఫోన్ కాల్‌కే ఆవిడకిచ్చిన ఫీజు సరిపోయింది.

అలాగని అందరికీ కావాలని అనను. మీ నాన్నగారికి కొత్త మనిషి ఇంట్లో తిరగడం ఇష్టం లేకపోతే వద్దు, ఆయన్నే అడగండి. పెట్టుకునే ముందు ట్రైనింగ్ ఎక్కడ తీసుకున్నారు, ఇదివరకు ఎంతమంది దగ్గర ఉన్నారు, మీకు కుదరకపోతే బదులు ఎవరొస్తారు అని అడగండి, వచ్చే గంటలూ ఫీజూ కాయితం మీద పెట్టించుకోండి. మందుల గురించి సలహాలిచ్చినా, నాటువైద్యం పేరెత్తినా, తన భక్తి మీ నాన్నగారి మీద రుద్దినా, వీలునామాలో తలదూర్చినా అక్కడికక్కడే నమస్కారం పెట్టెయ్యండి. హాస్పిస్ వాళ్ళనే ముందు అడగండి, వాళ్ళ దగ్గర వాలంటీర్ ఉంటే ఖర్చుండదు, పైగా నర్సుతో ముందే పరిచయం ఉంటుంది కాబట్టి ఇద్దరి మధ్యా నలగక్కర్లేదు.

ఎవరూ దొరక్కపోతే మీ చుట్టాల్లో గాభరా పడని మనిషి ఒకళ్ళని చూసుకోండి, పెద్ద చదువక్కర్లేదు. ఇక్కడ నేను రాసిన లక్షణాలన్నీ నర్సుతో కూర్చుని ఒక్కోటీ అడిగి, ఏది వస్తే ఏం చెయ్యాలో ఆ మనిషి చేతే రాయించండి. డౌలా సంగతి తేలినా తేలకపోయినా, అర్ధరాత్రి ఫోన్ చేస్తే హాస్పిస్‌లో ఎవరెత్తుతారు, ఏ నంబరుకి చెయ్యాలి అన్నది మాత్రం ఈ రోజే కనుక్కుని అందరి ఫోన్లలో సేవ్ చేయించండి.