మంగళగిరి ప్రణాళిక రాసే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి బాబాయి ఆశీస్సులు.

మంగళగిరి–తాడేపల్లి నగరపాలక సంస్థకు ఆర్థికాభివృద్ధి ప్రణాళిక రాసే పని నీ మీద పడిందని తెలిసింది. ఐటీ టవరు, కన్వెన్షన్ సెంటరు అంటూ మొదలుపెట్టకు తల్లీ. అటు విజయవాడ, ఇటు గుంటూరు, పక్కనే అమరావతి. వాటితో పోటీకి దిగేంత స్థోమత కార్పొరేషన్‌కు లేదు. ఇప్పటికే ఊళ్ళోకి వస్తున్న డబ్బు ఊళ్ళో ఎంత నిలుస్తోందో చూడు, చాలు.

ముందు ఎయిమ్స్. 2019 నుంచి అక్కడ ఓపీ నడుస్తోంది. అంత పెద్ద ఆసుపత్రికి బట్టల ఉతుకు, భోజనాలు, ముద్రణ, చిన్నచిన్న సామాను రోజూ కావాలి. కేంద్ర సంస్థ కాబట్టి ఏటా కొనుగోళ్ళలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి తీసుకోవాలి. అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీల సంస్థలకు, 3 శాతం మహిళల సంస్థలకు. ఉద్యమ్ నమోదు, అంటే చిన్న సంస్థగా కేంద్రం దగ్గర నమోదు, ఉన్నవాళ్ళు టెండరు ధరావతు కట్టనక్కర్లేదు. ధరలోనూ వెసులుబాటు ఉంది. అందరికంటే తక్కువ ధర 100 అనుకో, మనవాళ్ళు 114 వేశారనుకో. అప్పుడు 100కే ఇస్తారా అని అడిగి, సరేనంటే ఆర్డరులో నాలుగోవంతు ఇస్తారు. 116 వేస్తే ఆ అవకాశం పోయినట్టే.

మనవాళ్ళు దెబ్బతినేది ఉద్యమ్ ఫారం దగ్గరే. నమోదు ఉచితం, ఆధార్, పాన్ ఉంటే చాలు. కానీ నెట్ సెంటరు కుర్రాడు వ్యాపార రకానికి తోచిన కోడ్ వేసి 'వ్యాపారం' అని పెట్టేస్తాడు. కొని అమ్మేవాళ్ళకు ఈ సౌకర్యాలు వర్తించవు, తయారీకి, సేవలకే. టెండరు దాఖలు చేశాక ఈ సంగతి బయటపడితే చేసేదేమీ ఉండదు. వార్డు సచివాలయంలో వారానికో పూట ఈ నమోదుకే పెట్టించి, ప్రతి ఫారమూ ఎవరైనా తెలిసినవాళ్ళు చూశాకే పంపించాలి. ఇంకోటి, పాత అనుభవం, టర్నోవరు నిబంధనల సడలింపు కొనేవాళ్ళ ఇష్టం. ప్రభుత్వ కొనుగోళ్ళ వెబ్‌సైటు జెమ్ పోర్టల్‌లో బిడ్ తెరవగానే ఆ గడి చూడమని చెప్పు. లేదంటే శ్రమంతా వృథా. సరుకు తీసుకున్న 45 రోజుల్లో డబ్బు రాకపోతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ అడిగే హక్కు చట్టంలో ఉంది. బిల్లు మీద సరుకు అందిన తేదీ, సంతకం ఉంటేనే అది పనికొస్తుంది.

నేతపనివాళ్ళను మాత్రం ఆసుపత్రి దుప్పట్ల టెండర్లలోకి దించకు. ధరలో చేతిమగ్గం పవర్‌లూమ్ ముందు నిలబడదు. మంగళగిరి చీర బలం సాదా ఒంటి మీద జరీ అంచు. దాన్ని ఆ విలువకే అమ్ముకోవాలి. నేతపనివాళ్ళకు కార్పొరేషన్ చేయగల పెద్ద మేలు నీ ప్రణాళికలో ఎవరూ ఊహించని చోట ఉంది. అది రోడ్ల ఎస్టిమేటులో.

ఇక్కడివి గుంట మగ్గాలు. నేతగాడి కాళ్ళు నేలలోని గుంటలో ఉంటాయి. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోతే వీధి ఎత్తెక్కి ఇల్లు పల్లమవుతుంది. వాన పడిందంటే నీళ్ళు గుంటలోకే. తోడిపోసినా చెమ్మ ఉంటుంది, పడుగుకు పట్టిన గంజి మెత్తబడి పోగులు అంటుకుంటాయి. మగ్గం ఆగితే ఆ పూట కూలి లేదు. మే నెలలోనే చేనేత వీధుల్లో ప్రతి గడపా, ఎదుటి రోడ్డు మధ్యభాగమూ ఎత్తుపల్లాలు చూసే డంపీ లెవెల్ పరికరంతో కొలిపించు. రోడ్డు గడపకు జానెడు కిందైనా ఉండాలి. కొత్త పొర వేసే ముందు పాతది చెక్కడాన్ని ఎస్టిమేటులో విడి ఐటంగా రాయించు. అది రాయకపోతే ఏ కాంట్రాక్టరూ చెక్కడు. కాలువ అడుగు కూడా గుంట అడుగు కంటే కిందికి వెళ్ళాలి, లేకపోతే పక్కనుంచి ఊరుతుంది.

ఇక ఆసుపత్రి గేటు దగ్గరి తోపుడు బండ్ల సంగతి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ వీధి వ్యాపార కమిటీలో వాళ్ళ ప్రతినిధులు 40 శాతానికి తగ్గకూడదు. రోగుల బంధువులు నడిచే దారిలోనే చోటు చూపించు. వెనక సందులోకి తోస్తే వారంలో మళ్ళీ గేటు దగ్గరికే వస్తారు, తప్పు వాళ్ళది కాదు. వీధి వ్యాపారులకిచ్చే పీఎం స్వనిధి అప్పు మొదటి విడత ఇప్పుడు 15,000, తర్వాత 25,000, ఆపైన 50,000. మొదటిది తీరిస్తేనే రెండోది.

పన్నుల మాటకొస్తే, రాజధాని పేరు చెప్పి కొని ముళ్ళకంప పెరగనిస్తున్న ప్లాట్లు నీకు చాలా కనిపిస్తాయి. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయం నుంచి వార్డువారీ దస్తావేజుల జాబితా తెప్పించి ఖాళీ స్థలాల పన్ను రిజిస్టరుతో పోల్చి చూడు. పేర్లతో కాదు, సర్వే నంబరుతో పోల్చు. పేరు ఒక్కోచోట ఒక్కోలా రాసి ఉంటుంది.

గడపల కొలతలు రాగానే నాకు పంపు, ఏ వీధి ముందో కలిసి చూద్దాం.

– బాబాయి