చిట్టితల్లికి పెద్దమ్మ రాసేది: లెక్కల క్లాసు ముందు పట్టుకో

చిట్టితల్లీ,

మొన్న గృహప్రవేశంలో ఎవరో ఆంటీ ఏ కాలేజీ అమ్మా అని అడిగితే నువ్వు గొంతు బాగా తగ్గించి చెప్పడం చూశాను, అక్కడే పక్కకి పిలిచి మాట్లాడదామనుకున్నా గానీ అంతమందిలో కుదర్లేదు, అందుకే కూర్చుని రాస్తున్నా. కమ్యూనిటీ కాలేజీ అని చెప్పడానికి గొంతు తగ్గించాల్సిన పని ఏమాత్రం లేదు నాన్నా, రెండేళ్లు అక్కడ చదివి తర్వాత యూనివర్సిటీకి మారడం, అదే ట్రాన్స్‌ఫర్, తప్పేం కాదు. నేను 1999లో మీ పెదనాన్న ఉద్యోగం వల్ల భార్యగా వచ్చే హెచ్ ఫోర్ వీసా మీద కాలిఫోర్నియాలో సన్నీవేల్ వచ్చినప్పుడు ఉద్యోగం చెయ్యడానికి లేదు, చదువుకోడానికి మాత్రం ఉంది, కాకినాడలో చేసిన బీకామ్ పట్టుకుని సాయంత్రం క్లాసుల్లో కూర్చున్నా, పక్క సీట్లో పగలంతా డ్యూటీ చేసి యూనిఫామ్‌తోనే వచ్చేసిన నర్సమ్మ, ముందు సీట్లో మిలిటరీ నుంచి వచ్చిన కుర్రాడు. ఇవాళ నేను తింటున్న తిండి ఆ క్లాసులు పెట్టిందే.

డబ్బు సంగతి మీ నాన్నకి నువ్వే చెప్పు. ఒక్కో క్లాసు ఇన్ని యూనిట్లని లెక్క, కాలిఫోర్నియా రెసిడెంట్లకి యూనిట్‌కి 46 డాలర్లు, ట్రాన్స్‌ఫర్‌కి కావాల్సిన 60 యూనిట్లకీ కలిపి 2,760. యూసీలో, అంటే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో, ఒక్క ఏడాది ఫీజే 15 వేలకి అటూఇటూ ఉంటుంది. మొదటి రెండేళ్లూ ఫుల్‌టైమ్ చదివే కొత్త పిల్లలకి చాలా కాలేజీలు ఆ 46 కూడా తీసుకోవట్లేదు, అడిగి చూడు.

కానీ ఇక్కడ పిల్లలు దెబ్బతినేది డబ్బు దగ్గర కాదు, క్లాసుల వరస దగ్గర. నా సంగతే చెప్తా. మొదటి ఏడాది ఎవర్నీ అడక్కుండా క్యాటలాగ్ చూసుకుని లెక్కల క్లాసు ఒకటి తీసుకున్నా, ‘ఎ’ గ్రేడ్ వచ్చింది, ఇంట్లో పాయసం కూడా చేసుకున్నాం. తీరా ట్రాన్స్‌ఫర్‌కి వెళ్తే నాకు కావాల్సిన యూనివర్సిటీలో నా మేజర్‌కి, అంటే ప్రధానంగా చదివే సబ్జెక్టుకి, ఆ క్లాసు లెక్కలోకి రాదన్నారు, వాళ్లకి కావాల్సింది వేరే క్లాసట, అది చేస్తే గానీ దాని తర్వాతది చెయ్యడానికి లేదు, అలా ఒక ఏడాది పోయింది. ఆ రోజు పార్కింగ్ లాట్‌లో కార్లో కూర్చుని ఎంత ఏడ్చానో మీ పెదనాన్నకి కూడా తెలీదు. నీకు ఆ ఏడాది పోకూడదు.

అందుకని నువ్వు వెనకనుంచి రా. ముందు ఎక్కడ తేలాలో అనుకో, మెరైన్ బయాలజీ అంటున్నావు కాబట్టి యూసీ శాంటా క్రూజ్, లేదంటే మాంటరే బేలోని కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ. తర్వాత అసిస్ట్ డాట్ ఆర్గ్ అనే వెబ్‌సైట్‌లో నీ కాలేజీ పేరు ఒక పక్క, ఆ యూనివర్సిటీ పేరు ఇంకో పక్క పెట్టి మేజర్ నొక్కితే ఇక్కడి ఏ క్లాసు అక్కడ దేనికి సరిపోతుందో వరసగా వస్తుంది, అది ప్రింట్ తీసుకుని కౌన్సిలర్ దగ్గరికి వెళ్లు, ఖాళీ చేతుల్తో వెళ్తే ఆయన కూడా పైపైనే చెప్పగలడు. యూసీల్లో ఆరింటికి ట్యాగ్ అని ట్రాన్స్‌ఫర్ సీటుకి హామీ ఇచ్చే పద్ధతి ఉంది, వాళ్లు చెప్పిన క్లాసులు, గ్రేడ్లు తెచ్చుకుంటే సీటు ఖాయం, శాంటా క్రూజ్ ఆ ఆరింట్లో ఉంది, శాన్ డియాగో లేదు. దానికి అప్లై చేసేది సెప్టెంబర్ నెలలో మాత్రమే, అసలు అప్లికేషన్ ఆ తర్వాత వేరే ఉంటుంది.

ఇప్పుడు లెక్కలు. సముద్రం చదవడానికి లెక్కలెందుకు పెద్దమ్మా అన్నావు కదా. నేను సైన్స్ రిక్వైర్‌మెంట్ కోసం ఓషనోగ్రఫీ తీసుకుంటే ఒక శనివారం తెల్లారకుండానే మాస్ బీచ్ దగ్గర ఫిట్జ్‌జెరాల్డ్ రిజర్వ్‌కి తీసుకెళ్లారు, పాటు వేళ నీళ్లు వెనక్కి పోయి రాళ్లు బయటపడ్డాయి, పొగమంచు, చేతులు కొంకర్లు పోతున్నాయి, ప్లాస్టిక్ పైపులతో చేసిన చదరం రాతి మీద పెట్టి అందులో ఎన్ని నత్తలు, ఎన్ని ఎనిమోన్లు, ఎన్ని సముద్ర నక్షత్రాలు అని లెక్కపెట్టి తడి కాగితం మీద పెన్సిల్‌తో రాశాం. మా అమ్మమ్మది ఉప్పాడ, అమావాస్యకీ పున్నమికీ పెద్ద పోటు అని చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నా, కానీ ఎందుకో ఆ ప్రొఫెసర్ బోర్డు మీద గీసి చూపిస్తే గానీ తెలీలేదు. చంద్రుడికో అల గీశారు, 12 గంటల 25 నిమిషాలకోసారి తిరిగొచ్చేది, సూర్యుడికో అల, సరిగ్గా 12 గంటలది, ఆ రెండూ కలిసొచ్చిన రోజులే మన అమావాస్య, పున్నమి. ఆ అలలన్నీ కొసైన్‌లే తల్లీ, పోటు పట్టికంతా వాటి కూడికే. ఉప్పాడలో సముద్రం ఊరిని ఎలా కోసుకుపోతోందో నీకు తెలుసు, అది ఎంత కోస్తుందో చెప్పాలన్నా ఈ లెక్కలే కావాలి.

ఇంకో కారణం ఏంటంటే మిగతావన్నీ దీనికి కట్టేసి ఉంటాయి. లెక్కలు వస్తే ఫిజిక్స్, కెమిస్ట్రీ ఒకటి అయితే రెండు, రెండు అయితే ఆర్గానిక్, మధ్యలో ఒకటి జారితే మళ్లీ ఆ క్లాసు పెట్టేదాకా ఆగాలి. కాబట్టి రిజిస్ట్రేషన్ తెరిచిన రోజే లెక్కలు, కెమిస్ట్రీ పట్టుకో, మిగతావి ఖాళీల్లో సర్దుకో. ఇప్పుడు పరీక్ష పెట్టి కింది క్లాసుల్లోకి నెట్టడం లేదు, హైస్కూల్ మార్కులు చూసి నేరుగా కాలిక్యులస్‌లో కూడా కూర్చోబెడతారు, నీకు ట్రిగనామెట్రీ వణుకు అని నాకు తెలుసు కాబట్టి పక్కన సపోర్ట్ క్లాసు తీసుకో, ట్యూటరింగ్ సెంటర్‌కి మొదటి వారం నుంచే వెళ్లు, ఫస్ట్ మిడ్‌టర్మ్ పోయాక వెళ్దాంలే అనుకోకు. ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కి వెళ్లు, ఇక్కడ పాఠం చెప్పేది, పేపర్ దిద్దేది చాలావరకు ఆయనే, నీ పేరు గుర్తుంటుంది.

మీడియా క్లాసు ఒకటి తీసుకో, వీడియో ఎడిటింగ్ నీకిష్టం, సముద్రం దగ్గర రాళ్ల మీద తీసిన వీడియోలు ఊరికే ఫోన్‌లో పడుండకుండా పనికొస్తాయి. ముందు అది జనరల్ ఎడ్యుకేషన్ కింద, అంటే మేజర్ ఏదైనా అందరూ చెయ్యాల్సిన క్లాసుల కింద, వస్తుందో లేదో చూసుకో. స్పీచ్ క్లాసు ఎలాగూ తప్పదు.

మీ నాన్న నిన్ను తీసుకోమంటున్న బిజినెస్ మేనేజ్‌మెంట్ గురించి ఆయనతో నేను మాట్లాడతా. ఆయన భయం నాకు అర్థమవుతుంది, నేను బతుకుతున్నదీ దాని మీదే. కానీ అదీ తేలికేం కాదు, రెండు అకౌంటింగ్‌లు, రెండు ఎకనామిక్స్, ఒక కాలిక్యులస్, స్టాటిస్టిక్స్ అడుగుతారు, మనసు లేకుండా అవన్నీ మోసుకుంటూ సముద్రం కూడా చదువుతానంటే రెండూ సగం సగమే అవుతాయి.

సెమిస్టర్‌కి 15 యూనిట్లకి మించి మొదట్లో వద్దు. శనివారం పొద్దున్న ఆ అసిస్ట్ ప్రింట్ తీసుకుని ఇంటికి రా, పెసరట్లు వేస్తా, నాలుగు సెమిస్టర్లూ పెన్సిల్‌తో రాసేద్దాం, సోమవారం కౌన్సిలర్ అపాయింట్‌మెంట్‌కి నేనే దింపుతా.

మీ పెద్దమ్మ