బ్యాంకు ఎక్స్‌ఎంఎల్‌ని క్లాసుల్లోకి తెచ్చుకునే పద్ధతి

చిరంజీవి నాయనకు,

కావలి నుంచి పెదనాన్న ఆశీస్సులు. చీమకుర్తి గ్రానైట్ కంపెనీ కోసం నువ్వు సీ షార్ప్‌లో రాస్తున్న ప్రోగ్రాం, బ్యాంకు పంపే క్యామ్ట్ 053 స్టేట్‌మెంట్‌ని (ఖాతా లావాదేవీలు, నిల్వలు ఉండే ఎక్స్‌ఎంఎల్ ఫైలు) చదవట్లేదని రాశావు. ముందు ఒకటి గట్టిగా పట్టుకో. ఎక్స్‌ఎంఎల్‌లో ఒక ట్యాగ్ పేరంటే నేమ్‌స్పేస్ (ఆ ట్యాగ్ ఏ పేర్ల గుంపుకు చెందిందో చెప్పేది), అసలు పేరు, రెండూ కలిసి. మనకూ ఇంటిపేరు లేకుండా పేరు పూర్తి కాదు కదా. రెండూ కలిస్తేనే సీరియలైజర్ (ఎక్స్‌ఎంఎల్‌ని క్లాసుల్లోకి మార్చే భాగం) దాన్ని నీ క్లాసుతో జతచేస్తుంది.

నీకొచ్చిన ఎర్రర్ మొదటి వరుసలో ఫైల్లో ఎన్నో లైను దగ్గర ఆగిందో తప్ప ఇంకేమీ ఉండదు. దాని ఇన్నర్ ఎక్సెప్షన్ (లోపల దాగిన అసలు ఎర్రర్) చూడు. ఫలానా నేమ్‌స్పేస్‌తో డాక్యుమెంట్ ట్యాగ్ వచ్చింది, దాన్ని అనుకోలేదు అని ఉంటుంది. అక్కడున్న నేమ్‌స్పేస్‌ని చేత్తో టైపు చేయకుండా కాపీ చేసి, డాక్యుమెంట్ క్లాసు మీద రాసే ఎక్స్‌ఎంఎల్‌రూట్‌లో పెట్టు. పోల్చేది అక్షరం అక్షరం. చిన్నబడి పెద్దబడి అక్షరాల తేడా, చివర ఒక్క స్లాష్, ఒక్క ఖాళీ ఉన్నా కుదరదు. వెబ్ అడ్రసులా కనిపించే నేమ్‌స్పేస్‌ని కూడా ఎవరూ తెరిచి చూడరు, అది పేరు మాత్రమే. ట్యాగ్ ముందుండే ప్రిఫిక్స్ (నేమ్‌స్పేస్‌కి పొట్టి పేరు) ఏదైనా పర్వాలేదు, ఈరోజు ఒకటి, రేపు ఇంకొకటి రావచ్చు.

లోపలి క్లాసులకు కూడా ఎక్స్‌ఎంఎల్‌టైప్‌లో అదే నేమ్‌స్పేస్ రాయి. ట్యాగ్‌లోనే పేరు, విలువగా రాసే అట్రిబ్యూట్ల సంగతి వేరు. ప్రిఫిక్స్ లేని అట్రిబ్యూట్‌కి డిఫాల్ట్ నేమ్‌స్పేస్ వర్తించదు. ఏఎంటీ (డబ్బు మొత్తం) ట్యాగ్ మీదుండే సీసీవై (కరెన్సీ) అలాంటిదే. దానికి నేమ్‌స్పేస్ ఇవ్వకు, కలవకపోతే కరెన్సీ ఖాళీగా వస్తుంది. ఆ ట్యాగ్ లోపలి అంకెని ఎక్స్‌ఎంఎల్‌టెక్స్ట్‌తో డెసిమల్‌గా తీసుకో. డబ్బు లెక్కలకు డబుల్ వాడొద్దు.

నాకు అసలు భయం రూట్ (అన్నిటికన్నా పైనుండే ట్యాగ్) దగ్గర కాదు, లోపల. రూట్ కలవకపోతే ప్రోగ్రాం ఆగుతుంది. లోపలి ట్యాగ్ కలవకపోతే ఏ ఎర్రరూ రాదు. లిస్టు ఖాళీగా, మొత్తం సున్నాగా వచ్చి, అదే అకౌంట్స్‌లోకి వెళ్లిపోతుంది. అందుకని అన్‌నోన్‌ఎలిమెంట్ ఈవెంట్‌కి హ్యాండ్లర్ తగిలించి, తెలియని ట్యాగ్ పేరూ లైను నంబరూ లాగ్‌లో రాయించు.

నేమ్‌స్పేస్‌ని ప్రకటించే ఎక్స్‌ఎంఎల్‌ఎన్‌ఎస్ ముక్కని స్ట్రింగ్ రీప్లేస్‌తో తీసేసి చదవమని ఎవరైనా చెబితే వినొద్దు. ఈ ఫైళ్లలో వెర్షన్ నేమ్‌స్పేస్ చివరే ఉంటుంది, 001.02 అనో 001.08 అనో. 02లో ఎస్‌టీఎస్ (లావాదేవీ స్థితి) ట్యాగ్‌లో నేరుగా కోడ్ ఉంటే, 08లో దాని లోపల సీడీ అనే ఇంకో ట్యాగ్‌లో ఉంటుంది. నేమ్‌స్పేస్ చెరిపేస్తే ఏది వచ్చిందో నీకెలా తెలుస్తుంది? ఎక్స్‌ఎంఎల్‌రీడర్‌తో మూవ్‌టుకంటెంట్ పిలిచి మొదటి ట్యాగ్ దగ్గరికి వెళ్లి, నేమ్‌స్పేస్ చూసి, ఆ వెర్షన్ క్లాసులకు అప్పగించు.

సీరియలైజర్‌ని ప్రతి ఫైలుకీ కొత్తగా చేయకుండా ఒక స్టాటిక్ వేరియబుల్‌లో దాచుకో. ఓవర్‌రైడ్స్ (క్లాసు మీద రాసిన ఎక్స్‌ఎంఎల్ గుర్తుల్ని మార్చేవి) తీసుకునే కన్‌స్ట్రక్టర్ వాడితే ఇది తప్పనిసరి, లేదంటే పిలిచినప్పుడల్లా కొత్త అసెంబ్లీ (కంపైల్ అయిన కోడ్) పుట్టి మెమరీ పెరుగుతూ పోతుంది.

చదవడం అయ్యాక లెక్క సరిచూడు. ఓపీబీడీ (ప్రారంభ) నిల్వకి సీఆర్‌డీటీలు (జమలు) కలిపి డీబీఐటీలు (ఖర్చులు) తీసేస్తే సీఎల్‌బీడీ (ముగింపు నిల్వ) రావాలి. ఏఎంటీలో మైనస్ గుర్తు ఉండదు, ఓవర్‌డ్రాఫ్ట్ నిల్వ కూడా డీబీఐటీ గుర్తుతోనే వస్తుంది. పైసా తేడా ఉన్నా ఆ ఫైల్‌ని పక్కన పెట్టి, లాగ్ తెరువు.

ఇట్లు,
మీ పెదనాన్న