మూడు సెకన్ల ముక్కే కదా అనుకోవద్దు

ప్రశ్న: సార్, డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ల్యాప్‌టాప్‌లో బీట్స్ చేస్తాను. పాత పాటల్లోంచి మూడు నాలుగు సెకన్ల ముక్కలు తీసి, స్పీడ్ మార్చి వాడతాను. ఆరు సెకన్ల లోపైతే కాపీరైట్ రాదని ఫ్రెండ్స్ అన్నారు, కానీ మొన్న యూట్యూబ్‌లో ఒక ట్రాక్‌కి క్లెయిమ్ వచ్చింది. టెన్షన్‌గా ఉంది. దీన్ని కెరీర్‌గా తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు తమ్ముడూ. అయితే ముందు ఆ ఆరు సెకన్ల మాట బుర్రలోంచి తీసెయ్. దాన్ని నమ్ముకుని ఏదీ రిలీజ్ చేయకు. ఇది కోర్టులకే తేలని విషయం. 2005లో అమెరికాలో ఒక అప్పీల్ కోర్టు రెండు సెకన్ల గిటార్ ముక్క విషయంలో లైసెన్స్ తీసుకో, లేదంటే శాంపిల్ చేయకు (అంటే వేరే రికార్డింగ్ ముక్క తీసి నీ ట్రాక్‌లో వాడకు) అని తేల్చేసింది. 2016లో అక్కడే మరో అప్పీల్ కోర్టు, మడోన్నా పాటలోని పావు సెకను కూడా లేని హార్న్ శబ్దానికి తప్పు లేదంది. అంత చిన్న శబ్దం మీద కూడా అప్పీల్ దాకా వెళ్లారంటే చూడు. స్పీడ్ మార్చినంత మాత్రాన హక్కు ఎగిరిపోదు కూడా.

నువ్వు గట్టిగా పట్టుకోవాల్సింది ఒకటుంది. ఒక్కో పాటలో రెండు హక్కులుంటాయి, ట్యూనూ మాటలూ రాసినవాళ్లది ఒకటి, ఆ రికార్డింగ్ మీద, అంటే మాస్టర్ మీద లేబుల్‌కో (మ్యూజిక్ కంపెనీకో) ఆర్టిస్టుకో ఉండేది ఇంకొకటి, శాంపిల్ చేస్తే రెండు వైపులా అనుమతి కావాలి. 1997లో ది వర్వ్ అనే బ్రిటిష్ బ్యాండ్ 'బిటర్ స్వీట్ సింఫనీ' పాటలో వాడిన శాంపిల్‌కి రికార్డింగ్ వైపు అనుమతి తెచ్చుకుంది, ట్యూన్ వైపు దొరికిపోయింది. చేజారిన ఆ పాట రాయల్టీ దాని రచయితకు తిరిగి దక్కింది 2019లో! అదే ముక్కను నువ్వే మళ్లీ వాయించి రికార్డ్ చేసుకుంటే మాస్టర్ గొడవ ఉండదు, ట్యూన్ అనుమతి ఒక్కటే చాలు. దీన్నే ఇంటర్‌పొలేషన్ అంటారు. కీబోర్డ్ నేర్చుకోమని నేను పోరేది అందుకే.

రాయల్టీ ఫ్రీ ప్యాక్‌లు (వాడిన ప్రతిసారీ రాయల్టీ కట్టక్కర్లేని రెడీమేడ్ శబ్దాలు) వాడుకో, కానీ లైసెన్స్ చదువు. అందులోని అదే లూప్ (తిప్పి తిప్పి వాడే ముక్క) వేలమంది దగ్గర ఉంటుంది, అది నీ సొంతం కాదు.

నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడి ట్రాక్ యాడ్‌కి ఓకే అయ్యింది. శాంపిల్స్ ఎక్కడివో రాసివ్వమన్నారు. ఫోల్డర్ తెరిస్తే 'ఫ్లూట్ న్యూ', 'ఫ్లూట్ న్యూ 2' అని ఉన్నాయి, ఏ పాటలోవో వాడికే గుర్తులేదు, ఛాన్స్ పోయింది. నాకిప్పటికీ బాధే. నువ్వు ఈరోజే ఒక షీట్ మొదలుపెట్టు: పాట పేరు, లేబుల్, 0:42 నుంచి 0:45 వరకు, ఏం మార్చావు. ఈ పని నచ్చితే శాంపిల్ క్లియరెన్స్ (శాంపిల్స్‌కి అనుమతులు తెచ్చే పని), మ్యూజిక్ లైసెన్సింగ్ కూడా ఉద్యోగాలే. పబ్లిషింగ్ కంపెనీలకు చెవి, కాగితం రెండూ తెలిసినవాళ్లు కావాలి.

ఇక ఆ క్లెయిమ్ సంగతి. కంటెంట్ ఐడీ (వేరేవాళ్ల పాట ముక్కల్ని యూట్యూబ్ తనంతట తానే పోల్చి పట్టుకునే పద్ధతి) క్లెయిమ్ అంటే స్ట్రైక్ (ఛానెల్ మీద పడే కాపీరైట్ హెచ్చరిక) కాదు, ఛానెల్ పోదు, కంగారుపడకు. ఎవరు వేశారో, ఏ సెకన్ల మీద వేశారో అందులోనే కనిపిస్తుంది. హక్కు వాళ్లదే అయితే డిస్ప్యూట్ (క్లెయిమ్ తప్పని అభ్యంతరం) వేయకు. ఆ ముక్క తీసేసి, అక్కడ నీ సొంత ట్యూన్ ఒకటి వాయించి పెట్టు.