నయోమి అన్న పేరు గురించి ఒక ఉత్తరం

అమ్మాయికి,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. భర్త పోయాక నయోమి నైట్ డ్యూటీకి బయల్దేరుతూ, అత్తగారి మాత్రలు తీసి గ్లాసు పక్కన పెట్టే చోట ఆగిపోయాను. అక్కడ ఒక్క మాట కూడా ఎక్కువ రాయలేదు నువ్వు.

నా బాధంతా మొదటి పేరాతో. "నయోమి అంటే హీబ్రూలో మధురమైనది అని అర్థం, కానీ ఆమె బతుకు మాత్రం చేదు" అని మొదలుపెట్టావు. ఇంకోచోట ఆ పేరు మన 'నయం'లోంచి వచ్చిందని ఒక పాత్రతో అనిపించావు. ముందు ఈ రెండోది తీసెయ్. చెవికి ఒకేలా వినపడినంత మాత్రాన చుట్టరికం కలవదు. హీబ్రూలో ఆ పేరును దాదాపు 'నొఓమి' అని పలుకుతారు. మధ్యలో 'ఆయిన్' అనే అక్షరం ఉంది, పాతరోజుల్లో గొంతు లోపలి నుంచి పలికేవారు. మనకు ఆ అక్షరమే లేదు. ఆ ధాతువుకు హాయి, ప్రీతి, మనసుకు ఇంపుగా ఉండటం అని అర్థం. ఇప్పటికీ ఇజ్రాయెల్‌లో ఎవరైనా కొత్తగా పరిచయమైతే 'నాయీమ్ మెఓద్' అంటారు, మిమ్మల్ని కలవడం సంతోషం అని. అదీ ఈ ధాతువే. అరబ్బీ, హీబ్రూ ఒకే కుటుంబం భాషలు కాబట్టి, హైదరాబాద్‌లో మనం రోజూ వినే నయీమ్, నయీమా ఈ పేరుకు అసలైన చుట్టాలు. జపాన్‌లోనూ ఆడపిల్లలకు ఇలాగే వినిపించే 'నఓమి' అనే పేరు పెడతారు. దాని పుట్టుక పూర్తిగా వేరు.

ఇదంతా కథలో రాయమని కాదు. నీకు తెలిసి ఉండాలి. నేను రాయడం మొదలుపెట్టిన కొత్తలో ఎవరో చెప్పిన అర్థం నమ్మి ఒక పాత్ర పేరుకు అంటించాను. అదే పేరున్న ఒక పెద్దావిడ కార్డు రాశారు: "మా నాన్న ఆ అర్థంతో పెట్టలేదు బాబూ." ఆ కార్డు ఇంకా దాచుకున్నాను.

ఇక మొదటి పేరా. బైబిల్లో రూతు గ్రంథం మొత్తం నాలుగే అధ్యాయాలు, ఒక గంట కూడా పట్టదు. రచయితగా చదువు. బేత్లెహేము అంటే హీబ్రూలో 'రొట్టెల ఇల్లు'. ఆ రొట్టెల ఇంట్లోనే కరువు వచ్చి కథ మొదలవుతుంది. నయోమి భర్తతో, ఇద్దరు కొడుకులతో మోయాబు దేశానికి వలసపోతుంది. అక్కడ భర్త, కొడుకులు ముగ్గురూ చనిపోతారు. పదేళ్ల తర్వాత కోడలు రూతును వెంటబెట్టుకుని సొంతూరికి వస్తుంది. ఊళ్లో ఆడవాళ్లు "ఈమె నయోమేనా?" అనుకుంటారు. అప్పుడంటుంది, నన్ను నయోమి అనకండి, మారా అనండి అని. మారా అంటే చేదు. యూదులు పస్కా పండగనాడు తినే చేదు ఆకుల్ని 'మారోర్' అంటారు, అదే ధాతువు.

చూశావా, పేరుకు అర్థం ఉందని కథకుడు ఎక్కడా చెప్పలేదు. ఆమే చెప్పింది, అదీ ఆ అర్థం తనకు మిగల్లేదని అనిపించిన క్షణంలో. అందుకే అది గుచ్చుకుంటుంది. నిండుగా వెళ్లాను, దేవుడు నన్ను వట్టి చేతులతో తీసుకొచ్చాడు అంటుంది వెంటనే. ఆ 'వట్టి చేతులతో' అన్నదానికి హీబ్రూలో 'రేకాం' అనే మాట ఉంది. రెండు అధ్యాయాలు దాటాక, పొలం యజమాని బోయజు ఇచ్చిన ఆరు కొలల యవలు తెచ్చి రూతు అత్తగారితో అంటుంది, వట్టి చేతులతో మీ దగ్గరికి వెళ్లొద్దన్నాడు అని. మళ్లీ అదే మాట, రేకాం. వివరణ లేదు, ఒడిలో గింజలున్నాయి, అంతే. నాకు ఇన్నేళ్ల రాతలో ఇలాంటిది ఒక్కటి కుదిరినా చాలనిపిస్తుంది.

ఇంకో సంగతి. మారా అనమని ఆమె అడిగింది కదా, ఆ తర్వాత గ్రంథంలో ఒక్కరూ అలా పిలవరు. కథకుడు కూడా నయోమి అనే రాస్తూ పోతాడు. చివర్లో రూతుకు బిడ్డ పుట్టినప్పుడు ఇరుగుపొరుగు ఆడవాళ్లు "నయోమికి కొడుకు పుట్టాడు" అంటారు. దానికి ఆమె ఏమందో లేదు. బిడ్డను రొమ్మున చేర్చుకుని దాదిగా ఉందని మాత్రమే ఉంది.

మన చర్చిల్లో రూతు రూతమ్మ అయింది, ఎస్తేరు ఎస్తేరమ్మ అయింది. నీ నయోమిని ఎవరు ఏమని పిలుస్తారు? డ్యూటీ చార్టులో ఒకటి, పేషెంట్లకు 'సిస్టర్', అమ్మకు ముద్దుపేరు ఏదో ఉంటుంది. అత్తగారు మాత్రం నీ పద్దెనిమిది పేజీల్లో కోడల్ని ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు. "ఏమే", "ఇదిగో" అంతే. కావాలనే అలా రాశావా, అనుకోకుండా అలా వచ్చిందా?

మొదటి పేరా కొట్టేసి, మాత్రల సీన్ మళ్లీ రాయి. ఆ రాత్రి గుమ్మం దాటుతున్న పిల్లను ఆ ముసలావిడ ఏమని పిలుస్తుందో రాసి పంపు. ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో,
మాస్టారు