ఊళ్లో లేనివారి పేర్లు ఓటరు జాబితా నుంచి తీయించవచ్చా?

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా ఆదోని డివిజన్‌లోని ఒక గ్రామం. నేను విశ్రాంత ఉపాధ్యాయుడిని. చనిపోయినవారు, పెళ్లయి అత్తవారింటికి వెళ్లిన ఆడపిల్లలు, బెంగళూరులో స్థిరపడినవారు, ఏటా నాలుగైదు నెలలు గుంటూరు వైపు సుగ్గికి (కూలి పనుల వలసకు) పోయేవారు కలిపి మా ఊరి ఓటరు జాబితాలో 112 పేర్లు ఉన్నాయి. ఎన్నికల ముందు రోజు ఎవరో బస్సు పెట్టి తీసుకొస్తే వచ్చి ఓటు వేసి పోతారు. ఊరి మంచిచెడ్డలు వారికి పట్టవు. ఊళ్లో ఉండి ఇంటి పన్ను కట్టేవారికే ఓటు ఉండాలని, ఆధార్ చూపనిదే ఓటు వేయనివ్వరాదని 64 మంది సంతకాలతో తీర్మానం రాసుకున్నాం. ఆ పేర్లన్నీ ఒకేసారి తీయించవచ్చా? గుడి పనులకు ఎక్కువ సొమ్ము ఇచ్చేవారికి సర్పంచ్ పదవిని ఏకగ్రీవం చేసే మా ఆనవాయితీకి చట్టం ఒప్పుకుంటుందా? ఇద్దరికి మించి పిల్లలున్నవారు పంచాయతీ ఎన్నికల్లో పోటీ చేయరాదన్న ఇద్దరు పిల్లల నిబంధన ఎత్తివేశారన్నది నిజమేనా?

జవాబు: అయ్యా, మీరు ఉత్తరంతో పాటు పంపిన జాబితాను పూర్తిగా చదివాను. గీతల కాగితం మీద వరుసగా పేర్లు రాసి, ప్రతి పేరుకూ ఎదురుగా ‘పోయినారు’ అని ఒకే మాట రాశారు. మన వాడుకలో కాటికి పోయినా, కాపురానికి పోయినా, కూలికి పోయినా అదే మాట సరిపోతుంది. చట్టం మాత్రం ఈ పోకలను వేర్వేరుగా చూస్తుంది, ఒక్కొక్కదానికి ఒక్కో పద్ధతి చెబుతుంది. కాబట్టి 112 పేర్లనూ ఒకే కాగితంతో, ఒకేసారి తీయించడం కుదరదు.

మీ తీర్మానం సంగతి ముందు చెబుతాను. ఊళ్లో ఉండేవారే ఊరి పెత్తనం ఎవరిదో తేల్చాలన్న మీ అభిప్రాయం చెడ్డదేమీ కాదు, దానిని నలుగురిలో చెప్పుకునే హక్కు మీకు ఉంది. అయితే ఓటుకు అర్హత ఏమిటో తేల్చే అధికారం గ్రామసభకు గానీ, ఊరి పెద్దలకు గానీ లేదు. రాజ్యాంగం 326వ అధికరణం వయోజనులందరికీ ఓటు ఇచ్చింది; 61వ సవరణ ఆ వయసును 21 నుంచి 18కి తగ్గించింది. పన్ను కట్టేవారికి, ఆస్తి ఉన్నవారికి, చదువుకున్నవారికి మాత్రమే ఓటు ఇచ్చే పద్ధతి ఈ నేలకు కొత్తదేమీ కాదు. మన జిల్లాలు మదరాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, 1935 నాటి చట్టం కింద అటువంటి కొలతలే నడిచాయి. ఆ తీర్మానంలో సంతకాలు చేసిన 64 మంది తాతలలో ఆ రోజుల్లో ఓటు ఉన్నవారు ఎందరో ఒకసారి లెక్క వేసి చూడండి.

ఇక జాబితా. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 19వ సెక్షన్ ప్రకారం, నిర్ణీత తేదీ నాటికి 18 ఏళ్లు నిండి, ఆ నియోజకవర్గంలో ‘సాధారణ నివాసి’గా ఉన్న వ్యక్తి ఓటరుగా నమోదు కావచ్చు. ఒకప్పుడు జనవరి 1 ఒక్కటే నిర్ణీత తేదీ. 2021 సవరణ తర్వాత ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1 కూడా చేరాయి. మీ వివాదమంతా ఈ ‘సాధారణ నివాసి’ అన్న మాట చుట్టూ తిరుగుతుంది, దానిని 20వ సెక్షన్ రెండు వైపుల నుంచీ బిగించింది. ఊళ్లో సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన ఎవరూ సాధారణ నివాసి అయిపోరు. కాబట్టి బెంగళూరులో పదేళ్లుగా కాపురముంటూ, పిల్లలను అక్కడే చదివించుకుంటూ, ఇక్కడ తాళం వేసిన ఇంటిని చూపి ఓటు నిలుపుకున్న వ్యక్తి విషయంలో మీ అభ్యంతరానికి బలం ఉంది. అదే సెక్షన్, తాత్కాలికంగా ఊరు విడిచి వెళ్లినంత మాత్రాన నివాసం పోదని కూడా చెబుతోంది. సుగ్గికి పోయిన కుటుంబాలకు ఆ మాటే రక్ష. వానలు కురిస్తే తిరిగి వచ్చి తమ చేను దున్నుకునే మనిషి, పత్తి ఏరడానికో మిరపకాయలు కోయడానికో వెళ్లిన నెలల్లో ఇంటికి తాళం కనిపించిందని, ఊరు విడిచినవాడు కాడు. ఆ పేర్లను మీ జాబితా నుంచి మీరే కొట్టివేయండి. వాటి మీద దరఖాస్తు పెడితే నిలవదు. పైగా, వారు ఊళ్లో లేరని తెలిసి, నోటీసు అందుకోలేని నెలల్లోనే పెట్టారన్న అనుమానం మీ మీదకు వస్తుంది.

పేరు తొలగించమని అడగడానికి ఫారం 7 ఉంది. అదే ఓటరు జాబితాలో పేరు ఉన్న వ్యక్తి మాత్రమే అభ్యంతరం చెప్పగలరు, ఒక్కో పేరుకు ఒక్కో ఫారం నింపాలి. మీ పేరు, మీ ఓటరు కార్డు నంబరు, ఎవరి పేరు తీయమంటున్నారో వారి భాగం నంబరు, వరుస సంఖ్య, కారణం అందులో రాసి సంతకం చేస్తారు. ఆ సంతకం పైన ఉండే ప్రకటనను చాలామంది చదవరు. అందులో రాసింది అబద్ధమని తెలిసి, లేదా నిజమని నమ్మకుండా సంతకం చేస్తే, 31వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కట్టలు కట్టి ఇచ్చే దరఖాస్తులను అధికారులు తీసుకోరు. గుర్తింపు పొందిన పార్టీ తరఫున నియమితుడైన బూత్ ఏజెంటుకు కూడా రోజుకు పది ఫారాలకు మించి ఇవ్వడానికి వీలు లేదు. 2019 ఎన్నికలకు ముందు మన రాష్ట్రంలో ఫారం 7 దరఖాస్తులు లక్షల్లో వచ్చిపడ్డాయి. ఎవరి పేరిట వచ్చాయో వారిలో చాలామంది ‘మేము పెట్టలేదు’ అనడంతో పోలీసు కేసుల దాకా వెళ్లింది. 64 సంతకాల కాగితం వెనుక మీ ఉద్దేశం ఎంత మంచిదైనా, ఆ అనుభవం తర్వాత అధికారులు దానిని అనుమానంగానే చూస్తారు.

ఫారం అందిన తర్వాత, నివాసం మారిందన్న కారణం మీదనో, అర్హత లేదన్న కారణం మీదనో పేరు తీయాలంటే, ఓటరు నమోదు అధికారి ఆ వ్యక్తికి నోటీసు ఇచ్చి చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 22వ సెక్షన్ శాసిస్తుంది. మరణం విషయంలో ఆ నియమం లేదు. మరణ ధ్రువీకరణ పత్రం నకలు జతచేస్తే ఆ పేర్ల పని తొందరగా తెమలుతుంది. ఇప్పటికే జాబితాలో ఉన్న పేరు సరైన విచారణ తర్వాతే అక్కడికి చేరిందన్న భావనతో మొదలుపెట్టాలని 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025లో బీహార్ జాబితా ప్రత్యేక సవరణలో ముసాయిదాకు ఎక్కని సుమారు 65 లక్షల పేర్లను, ఒక్కొక్కరికీ కారణంతో సహా బయటపెట్టమని అదే న్యాయస్థానం ఆదేశించింది. పేరు చేర్చడంలో కంటే తీయడంలో చట్టం మరింత జాగ్రత్త కోరుతుంది, ఆ జాగ్రత్త రేపు మీ పేరు మీద ఎవరైనా ఫారం 7 పెట్టినప్పుడు మిమ్మల్ని కూడా కాపాడుతుంది.

ఒక విచారణ నాకు బాగా గుర్తుంది. ఒక ఊరిలో పాలిపగ ఉన్న పెదనాన్న, తమ్ముడి కోడలు ఊరు విడిచి పుట్టింటికి చేరిందని రాసి ఇచ్చాడు. విచారణ నాటికి ఆమె నెల బిడ్డను చంకన వేసుకుని కార్యాలయానికి వచ్చింది. కాన్పుకు వెళ్లాను, బిడ్డకు మూడో నెల రాగానే మా ఇంటికే వస్తాను అంది. అధికారి ఇంకేమీ అడగలేదు. పెదనాన్న మాత్రం, పుట్టింటికి పోయిందనే కదా నేను రాసింది, అని చాలాసేపు వాదించాడు.

పెళ్లయి వేరే ఊళ్లలో కాపురం చేస్తున్న ఆడపిల్లల సంగతి వేరు. వారు అత్తవారి ఊరి నుంచి ఫారం 8 పెట్టుకుంటే ఓటు అక్కడికి మారుతుంది, ఎవరూ ఎవరి మీదా అభ్యంతరం పెట్టవలసిన పని ఉండదు. వారి అమ్మానాన్నలతో ఒక మాట చెప్పించడం చాలు. రెండు చోట్లా పేరు ఉన్నవారికి 17వ సెక్షన్ అడ్డు వస్తుంది. ఎవరూ ఒకటికి మించిన నియోజకవర్గాల జాబితాలో ఉండరాదు. రెండు నియోజకవర్గాల్లోనూ ఓటు వేస్తే, 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 62వ సెక్షన్ ప్రకారం ఆ రెండు ఓట్లూ చెల్లవు. బెంగళూరులోనూ ఓటు ఉన్నవారి విషయంలో అక్కడి జాబితాలోని భాగం నంబరు, వరుస సంఖ్య సంపాదించి ఫారానికి జతచేస్తే, ‘ఆయన అక్కడే ఉంటాడు’ అన్న మాట కంటే అది ఎంతో గట్టి ఆధారం.

అధికారి నిర్ణయం నచ్చకపోతే 15 రోజుల్లో కలెక్టరుకు, ఆ పైన 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. సివిల్ కోర్టుకు ఈ విషయంలో అధికారం లేదు. నామినేషన్ల చివరి తేదీ దాటితే ఆ ఎన్నిక ముగిసేదాకా జాబితాలో చేర్పులూ తీసివేతలూ ఉండవు. పంచాయతీ జాబితాను అసెంబ్లీ జాబితా నుంచే తయారు చేస్తారు కనుక, పంచాయతీ ఎన్నికల ప్రకటన వచ్చాక పరుగెత్తడం కంటే ముందే అసెంబ్లీ జాబితాను సరిచేయించుకోవాలి.

ఆధార్ చూపనిదే ఓటు వేయనివ్వరాదన్న మాట నిలవదు. 2021 సవరణ ఆధార్ నంబరు అడగడానికి అవకాశం ఇచ్చింది గానీ, తగిన కారణంతో ఇవ్వలేకపోయిన వ్యక్తి పేరు తీయరాదని అందులోనే రాసింది. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికల్లో ఓటరు కార్డు లేకపోయినా ఎన్నికల సంఘం ప్రకటించిన ఇతర గుర్తింపు పత్రాలలో ఏదో ఒకటి చూపవచ్చు. ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు పాసుపుస్తకం కూడా ఆ పట్టికలో ఉన్నాయి. పోలింగ్ కేంద్రం దగ్గర ఊరి పెద్దలు నిలబడి కార్డులు అడగడానికి వీలు లేదు. ఓటు వేయడానికి వచ్చిన మనిషి అసలు మనిషి కాదని అనుమానం వస్తే, అభ్యర్థి పోలింగ్ ఏజెంటు రెండు రూపాయలు కట్టి సవాలు చేయవచ్చు. పోలింగ్ కేంద్రాన్ని నడిపే ప్రిసైడింగ్ అధికారి అక్కడికక్కడే విచారిస్తారు. సవాలు నిజమైతే వచ్చినవాడిని పోలీసులకు అప్పగిస్తారు, ఊరికే చేసిన సవాలని తేలితే ఆ రెండు రూపాయలు ప్రభుత్వానికి పోతాయి. ఊళ్లో లేనివారు, తరలిపోయినవారు, చనిపోయినవారి పట్టిక ఒకటి బూత్ వారీగా ప్రిసైడింగ్ అధికారి దగ్గర ఉంటుంది. అందులో పేరున్న మనిషి వస్తే గుర్తింపును మరింత నిశితంగా చూస్తారే తప్ప, వెనక్కి పంపరు. మీ గ్రామంలో దొంగ ఓట్ల భయం నిజంగా ఉంటే, ఊరి మొహాలన్నీ తెలిసిన ఓపికగల మనిషిని ఏజెంటుగా కూర్చోబెట్టడం కంటే మంచి మందు నాకు కనిపించదు.

ఏకగ్రీవం తప్పు కాదు. ఉపసంహరణల తర్వాత ఒక్క నామినేషనే మిగిలితే ఆ వ్యక్తి ఎన్నికైనట్టు ప్రకటిస్తారు. 2021 పంచాయతీ ఎన్నికల్లో ప్రభుత్వమే జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా ప్రోత్సాహకం ప్రకటించింది. ఆ ఒక్క నామినేషన్ మిగలడానికి సొమ్ము చేతులు మారితే మాత్రం కథ మారిపోతుంది. పోటీ చేయడం, చేయకపోవడం, విరమించుకోవడం కూడా ఎన్నికల హక్కులోనే ఉన్నాయని పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 169వ సెక్షన్ చెబుతుంది. ఆ హక్కును ప్రభావితం చేయడానికి సొమ్ము ఇవ్వడం 170వ సెక్షన్ కింద లంచం, దానికి ఏడాది వరకు జైలు పడవచ్చు. సొమ్ము గుడి హుండీకి చేరినా, ఎవరి జేబులోకీ పోకపోయినా, దాన్ని ఎందుకు ఇచ్చారన్నదే ప్రశ్న అవుతుంది. ‘ఊరి మాట మీరి నామినేషన్ వేస్తే గ్రామదేవత ఊరుకోదు’ అని ఎవరైనా అంటే అది మరింత ప్రమాదం, ఎందుకంటే దైవాగ్రహానికి గురవుతారని భయపెట్టడాన్ని 171వ సెక్షన్ అనుచిత ప్రభావం కిందే లెక్కిస్తుంది. గుడికి విరాళం సేకరించదలిస్తే నోటిఫికేషన్‌కు చాలా ముందో, ఎన్నిక ముగిసిన చాలా రోజులకో, సర్పంచ్ పదవి ఊసు లేకుండా సేకరించండి.

ఇద్దరు పిల్లల నిబంధన నిజంగానే పోయింది. 1994 పంచాయతీరాజ్ చట్టంలోని ఆ అనర్హతను 2024లో శాసనసభ తొలగించింది. ఇక నామినేషన్ పరిశీలనలో ఆ అభ్యంతరం పనికిరాదు. హర్యానాలోని అటువంటి నిబంధనను 2003లో సుప్రీంకోర్టు సమర్థించింది కనుక, శాసనసభ కావాలనుకుంటే మళ్లీ తేవచ్చు. ఆ పని మీ ఎమ్మెల్యేకు వినతిపత్రం ఇచ్చి అడగవలసినది, కోర్టులో తేలేది కాదు.

మీ జాబితాను నా వ్యాఖ్యలతో తిరిగి పంపుతున్నాను. ‘పోయినారు’ అన్నచోట చనిపోయినవారికి తేదీ, అత్తవారింటికి వెళ్లినవారికి ఆ ఊరి పేరు, బెంగళూరు వారికి అక్కడి ఓటు వివరం రాయండి. ఈ మూడింటిలో ఏదీ రాయలేని పేరు మీద ఫారం 7 పెట్టకండి. బీఎల్‌ఓకు (బూత్ స్థాయి అధికారికి) ఇచ్చిన ప్రతి ఫారానికీ రసీదు తీసుకుని, తర్వాత వచ్చే అనుబంధ జాబితాలో తీసివేసిన పేర్ల పక్కన వేసే అక్షరాన్ని చూసుకోండి. మరణానికి ‘ఈ’ అని, నివాస మార్పుకు ‘ఎస్’ అని, రెండుసార్లు వచ్చిన పేరుకు ‘ఆర్’ అని ఉంటుంది. బతికున్న మనిషి పేరు పక్కన ‘ఈ’ కనిపిస్తే ఆ రోజే అధికారికి చెప్పండి.