హైస్కూల్లో సోషల్ వర్కర్‌గా చేరుతున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

కొత్త ఉద్యోగంలో మొదట ఏం చేయాలో చెప్పమని అడిగావు. కౌన్సెలింగ్‌కు తొందరపడకుండా ముందు హాజరు పట్టీలు తీసుకుని కూర్చోమంటాను. పనిదినాల్లో పదో వంతు, అంతకు మించి బడికి రాని విద్యార్థులను చాలాచోట్ల దీర్ఘకాలిక గైర్హాజరు కింద లెక్కిస్తారు. అయితే ఆ లెక్క కన్నా మానేసిన తీరు ఎక్కువ సంగతులు చెబుతుంది. వారంలో ఒకే రోజు రాని పిల్లవాడు ఆ రోజు ఆటల పీరియడ్‌లో ఎదురయ్యే వేధింపుకు జడిసి ఆగిపోతూ ఉండవచ్చు. రోజూ మొదటి పీరియడ్ దాటాక వచ్చే అమ్మాయి, తమ్ముణ్ణి తయారుచేసి పంపి, మంచం పట్టిన నాయనమ్మకు మందులిచ్చి బయలుదేరుతూ ఉండవచ్చు. పట్టీ చూసినవారికి ఇద్దరూ క్రమశిక్షణ లేనివారే.

ఆ అమ్మాయిని కూర్చోబెట్టి సమయపాలన గురించి బోధిస్తే ఒరిగేదేమీ లేదు. మొదటి పీరియడ్ పాఠం ఆమెకు వేరే వేళలో అందేలా ఉపాధ్యాయులను ఒప్పించడం, నాయనమ్మకు పొద్దున సాయం దొరికే దారి వెతకడం నీ పని. విద్యార్థిని మార్చడానికి బడిలో అందరూ ఉంటారు. విద్యార్థి చుట్టూ ఉన్న పరిస్థితిని మార్చడానికి ప్రయత్నించేది చాలాసార్లు నీవొక్కదానివే. 1906-07లో న్యూయార్క్, బోస్టన్, హార్ట్‌ఫర్డ్ నగరాల్లో ఈ వృత్తికి ఆద్యులైన 'సందర్శక ఉపాధ్యాయులు' చేసింది కూడా బడికీ ఇంటికీ మధ్య తిరగడమే.

"వీడికి కాస్త బుద్ధి చెప్పండి" అంటూ పిల్లలను నీ దగ్గరికి పంపుతారు. పంపిన పిల్లవాణ్ణి ఆదరంగా కూర్చోబెట్టు, అప్పగించిన పనిని మాత్రం మర్యాదగా వదిలేయి. నీ గది శిక్ష పడినవాళ్లు వెళ్లే చోటని ఒకసారి పేరు పడితే, నిజంగా అవసరమున్నవారు ఆ గడప తొక్కరు.

తొలి సమావేశంలోనే గోప్యతకున్న హద్దు చెప్పు. "నువ్వు చెప్పింది ఎవరికీ చెప్పను" అని ఎన్నడూ మాట ఇవ్వకు. విద్యార్థి ప్రాణానికో ఇతరుల ప్రాణానికో ముప్పు ఉన్నా, ఎవరైనా హింసిస్తున్నా, ఆ విషయం దాచలేనని, ఎవరికి చెప్పబోతున్నదీ వీలైనంతవరకు ముందుగా తనకే తెలియజేస్తానని స్పష్టంగా చెప్పు. బతకాలని లేదన్న సూచన మాటల్లో తగిలితే, చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని సూటిగానే అడుగు. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయాన్ని పరిశోధనలు సమర్థించలేదు. అవునంటే ఒంటరిగా వదలకు. ఇంట్లో పెద్దవారికీ మానసిక వైద్యులకూ ఆ రోజే తెలియజేయి. ముప్పు ఇంట్లోవారి నుంచే అయితే మాత్రం ఇంటికి కబురు పంపే ముందు బాలల రక్షణ అధికారులను సంప్రదించాలి.

తల్లిదండ్రులకు బడి నుంచి ఫోన్ వచ్చిందంటే ఫిర్యాదేనన్న బెరుకు ఉంటుంది. అందుకే నీ మొదటి ఫోన్ ఏదో ఒక మంచి సంగతి చెప్పడానికే కావాలి. ఇంటికి వెళ్లేటప్పుడు ముందుగా చెప్పి వెళ్లు, వారి మాట పూర్తయ్యేదాకా నీ కాగితాలు తీయకు.

అమెరికాలోని వృత్తి సంఘం 250 మంది విద్యార్థులకు ఒక సోషల్ వర్కర్ ఉండాలంటుంది. నీకు అంత వెసులుబాటు దొరకకపోవచ్చు. కాబట్టి అందరినీ ఒక్కొక్కరినే కలవాలనుకోకుండా, మార్పును మొదట గమనించేది తరగతి ఉపాధ్యాయులే గనుక, హుషారైన పిల్లవాడు మౌనంగా మారినా, స్నేహితులకు దూరమైనా నీకు చెప్పడం వారికి అలవాటు చేయి. రికార్డుల్లో చూసినదీ విన్నదీ మాత్రమే రాయి, నీ ఊహలు వద్దు.

ఈ పనిని ఒంటరిగా మోయవద్దు. అనుభవమున్నవారితో క్రమం తప్పకుండా కేసులు చర్చించు. నాకు రాసినా సంతోషమే. అయితే ఆ ఉత్తరాల్లో కూడా పిల్లల పేర్లు గానీ, వారెవరో పోల్చుకోగల వివరాలు గానీ ఉండకూడదు.